బొమ్మలాంటి కుక్కపిల్ల కొనే ముందు: హైదరాబాద్‌లో టాయ్ బ్రీడ్ తెచ్చుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మల్కాజ్‌గిరిలోని మా ఇంట్లో చాలా ఏళ్లుగా చిన్నజాతి కుక్కలు ఉంటున్నాయి. మొదట పమేరియన్ బంటి, ఇప్పుడు షిట్జూ లడ్డు. నేను పశువైద్యురాలిని కాదు. కానీ మా చుట్టాల్లో, అపార్ట్‌మెంట్‌లో ఎవరు కుక్కపిల్లను తెచ్చుకోవాలనుకున్నా ముందు నాకే ఫోన్ చేస్తారు. అందరూ ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఫోన్ చేసినవాళ్లు ముందు రంగు గురించో ధర గురించో మాట్లాడతారు. నేను మాత్రం పిల్ల వయసెంత, బరువెంత అని అడుగుతాను. ఆ రెండూ తెలియకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

టాయ్ బ్రీడ్ అంటే ఏవి? పెద్దయ్యాక ఎంత బరువుంటాయి?

ఒడిలో పట్టేంత చిన్నగా ఉండేలా తరతరాలుగా పెంచుకుంటూ వచ్చిన జాతులు ఇవి. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి పమేరియన్, షిట్జూ, పగ్, చివావా, యార్క్‌షైర్ టెర్రియర్ (యార్కీ), మాల్టీస్, టాయ్ పూడుల్, మినియేచర్ పిన్షర్. అన్నీ ఒకే సైజు అనుకుంటారు గానీ వీటిలోనే బోలెడు తేడా ఉంది. పెద్దయిన చివావా 2.7 కిలోలు దాటకూడదని జాతి ప్రమాణం చెబుతుంది. పమేరియన్ సుమారు 1.5 నుంచి 3.2 కిలోలు. యార్కీ, మాల్టీస్ మూడు కిలోల దగ్గర ఆగుతాయి. షిట్జూ 4 నుంచి 7 కిలోల దాకా పెరుగుతుంది. పగ్ 6 నుంచి 8 కిలోలు ఉంటుంది, చేతికి రాయిలా బరువుగా తగులుతుంది.

షిట్జూ పిల్ల రెండు నెలలప్పుడు దూదిపింజలా ఉంటుంది కాబట్టి ఎప్పటికీ అంతే ఉంటుందనుకుని కొంటారు. ఏడాది తిరిగేసరికి ఆరు కిలోలయితే, ‘అమ్మినవాడు మోసం చేశాడు’ అంటారు. అందులో మోసం ఏమీ లేదు, ఆ జాతి అంతే.

మా చిన్నప్పటి పమేరియన్ ఇంకా పెద్దగా ఉండేది. ఇప్పటివి ఎందుకింత చిన్నగా ఉంటున్నాయి?

మన పాత కాలనీల్లో తెల్లగా, కోసు మూతితో, గేటు దగ్గర గొంతు చించుకుని అరిచే కుక్కను పమేరియన్ అనే పిలిచేవాళ్లం. వాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివి. అందులో చిన్న రకమే 5 నుంచి 7 కిలోలు ఉంటుంది, పెద్ద రకం పన్నెండు కిలోలు దాటుతుంది. మన ఎండకు, మన తిండికి అలవాటుపడిన కుక్క అది. ఈ రోజుల్లో పొట్టి మూతితో, ఉబ్బిన బొచ్చుతో కనిపించేది అసలు పమేరియన్. రెండింటికీ పోలిక ఉంది గానీ ఒంటితత్వం వేరు. ‘మా నాన్నగారి పామ్ (పమేరియన్) పెరుగన్నం తిని పద్నాలుగేళ్లు బతికింది’ అని చాలామంది అంటారు. నిజమే కావచ్చు. ఆ లెక్క పట్టుకుని రెండు కిలోల కుక్కను పెంచకూడదు.

‘టీకప్’, ‘పాకెట్’, ‘మైక్రో’ అంటున్నారు. అవి వేరే జాతులా?

కాదు. కుక్కల జాతులను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా (కేసీఐ) గానీ, మరే దేశపు పెద్ద కెన్నెల్ క్లబ్ గానీ టీకప్ అనే జాతిని, సైజును గుర్తించలేదు. అది అమ్ముకునేవాళ్లు పెట్టిన పేరు. ఆ పేరుతో వచ్చే పిల్లలు మూడు దారుల్లో వస్తాయి. ఒకటి, ఈతలో అన్నింటికంటే బలహీనంగా పుట్టిన పిల్లలను ఒకదానితో ఒకటి జతకట్టించి, తరం తరానికి ఇంకా చిన్నవి పుట్టించడం. రెండు, తల్లిపాలు పూర్తిగా మానకముందే తెచ్చి, వయసు ఎక్కువ చెప్పి అమ్మడం. మూడోది రాయడానికే బాధగా ఉంది: పెరగకుండా కడుపు మాడ్చడం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అంత చిన్న తల్లికి కాన్పు కష్టం. కడుపులో ఒకటీ రెండూ పిల్లలే ఉంటాయి, పిల్ల తల పెద్దది, తల్లి కటి సన్నం. చాలాసార్లు ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తుంది. ఫోటోలో కప్పులో కూర్చున్న పిల్ల మనకు కనిపిస్తుంది, దాని తల్లి కనిపించదు.

అందుకే నేను గట్టిగా చెబుతాను. జాతికి ఉండాల్సిన బరువులో మధ్యస్థంగా ఉన్న పిల్లను తీసుకోండి. రెండున్నర కిలోల పమేరియన్ కూడా ఒళ్లోనే పడుకుంటుంది. కిలో కుక్కకూ దానికీ ముద్దులో తేడా ఉండదు, బతుకులో చాలా ఉంటుంది.

పెద్దయ్యాక ఎంత అవుతుందో ముందే చెప్పొచ్చా?

గ్రాముల్లో ఎవరూ చెప్పలేరు, చెప్పేవాళ్లను నమ్మకండి. ఉజ్జాయింపు లెక్క ఉంది. చిన్నజాతి పిల్ల మూడు నెలల వయసులో పెద్దయ్యాక ఉండే బరువులో దాదాపు సగానికి వస్తుంది. అంటే 12 వారాలకు 1.2 కిలోలున్న పిల్ల అటూ ఇటుగా రెండున్నర కిలోల కుక్క అవుతుంది. ఎదుగుదల పది నెలలకో ఏడాదికో ఆగుతుంది. తల్లినీ తండ్రినీ చూడటం ఈ లెక్కకంటే మేలు. ‘తల్లి మా ఊళ్లో ఉంది’, ‘తండ్రిని స్టడ్‌కి (జతకట్టించడానికి) ఇచ్చాం’ అని రెండూ ఒకేసారి చెబితే ఆ పిల్ల అక్కడ పుట్టలేదేమో అని అనుమానించండి.

రెండు నెలల పిల్ల అంటున్నారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

వంటింట్లో పిండి తూచుకునే డిజిటల్ కాటా ఒకటి సంచిలో వేసుకెళ్లండి. నోరు తెరిచి చూడటానికి ఫోన్ టార్చ్ చాలు.

కిందటేడు మా ఆడపడుచు వాళ్లతో ఒక పిల్లను చూడ్డానికి వెళ్లాను. అమ్మే ఆయన అరచేతిలో పెట్టి తెచ్చాడు, ‘టీకప్ పామ్ మేడమ్, డెబ్బై రోజులు’ అన్నాడు. ఆడపడుచు కూతురు అప్పటికే దానికి పేరు కూడా పెట్టేసింది. నేను కాటా మీద చిన్న టవల్ పరిచి, అంకె సున్నాకు తెచ్చి పిల్లను కూర్చోబెట్టాను. 380 గ్రాములు. రెండు నెలల పమేరియన్ సాధారణంగా 500 నుంచి 900 గ్రాముల మధ్య ఉంటుంది. పెదవి పైకెత్తి చూస్తే ముందు పళ్లు బియ్యపు గింజల్లా అప్పుడే పొడుచుకొస్తున్నాయి, వెనక పాలపళ్లు లేవు, ఒట్టి చిగుళ్లే. నడుస్తుంటే వెనక కాళ్లు పక్కకు జారిపోతున్నాయి. అది నెల దాటి నాలుగు రోజులైనా అయ్యిందో లేదో. ‘డాక్టర్‌కి చూపించి తీసుకుంటాం’ అంటే ఆయన ఒప్పుకోలేదు. వచ్చేశాం. పాప దారంతా ఏడ్చింది.

కుక్కపిల్లకు ముందు పాలపళ్లు సుమారు నాలుగైదు వారాలకు వస్తాయి. ఎనిమిది వారాలకల్లా మొత్తం 28 పాలపళ్లు ఉండాలి. చిన్నజాతుల్లో ఒక వారం ఆలస్యం కావచ్చు, కాబట్టి పళ్లొక్కటే చూసి తేల్చకండి. పళ్లు, బరువు, నడక మూడూ చెప్పిన వయసుతో కుదరాలి. పొడి తిండి తనంతట తాను కొరికి తినడం మీ కళ్లతో చూడాలి.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. బ్రీడర్, అంటే కుక్కలను ఈనించి అమ్మేవాళ్లు, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, పిల్లకు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉండాలి. నాకు మాత్రం టాయ్ బ్రీడ్‌కు ఎనిమిది వారాలు కూడా తక్కువే అనిపిస్తుంది. పది, పన్నెండు వారాలు తల్లి దగ్గర ఉంచి ఇచ్చే బ్రీడర్ దొరికితే ఆ నెల రోజులు ఓపిక పట్టండి.

మరీ చిన్నగా ఉంటే అసలు ప్రమాదం ఏమిటి?

అన్నింటికంటే ముందు షుగర్ పడిపోవడం. మన ఒంట్లో తిండి లేకపోయినా కాలేయం, కండరాలు కొంత చక్కెర దాచి ఉంచుతాయి. ఎనిమిది వందల గ్రాముల పిల్లకు ఆ గిడ్డంగి ఏపాటిది? ఒక పూట తినకపోయినా, విరేచనాలైనా, చలికి వణికినా, కొత్త ఇంట్లో బెంగపెట్టుకున్నా ఉన్నదంతా అయిపోతుంది. మెదడుకు చక్కెర అందదు.

మా బంటి వచ్చింది జనవరిలో. మూడో రోజు తెల్లారి ఐదింటికి నీళ్ల కోసం లేచి చూస్తే చాప మీద ఒక పక్కకు ఒరిగి పడుంది. నిద్రపోతోందనుకుని ఎత్తాను. మెడ నిలవలేదు. చెవులు చల్లగా, చిగుళ్లు తెల్లగా ఉన్నాయి, కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. మా అత్తయ్య పూజగదిలోంచి తేనె సీసా తెచ్చి వేలితో చిగుళ్లకు రాసింది. నేను వేడినీళ్ల సీసాకు టవల్ చుట్టి, బంటి పక్కన పెట్టి ఆటో ఎక్కాను. డాక్టర్ గారు డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కించాక అరగంటకు తల ఎత్తింది. ఆయన నన్ను అడిగింది ఒక్కటే: “రాత్రి ఎన్నింటికి తిండి పెట్టారమ్మా?” తొమ్మిదింటికి అన్నాను. “ఎనిమిది గంటలు. దీనికి అది చాలా ఎక్కువ.”

అంతకుముందు ఆ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. నాలుగు నెలలు నిండే దాకా రోజుకు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా పెట్టండి. ఆఖరి పూట మీరు పడుకునే ముందు, మొదటి పూట లేవగానే. మొదటి రెండు వారాలు రాత్రి రెండింటికి అలారం పెట్టుకోండి. మందకొడిగా ఉండటం, తూలడం, వణుకు, చూపు నిలవకపోవడం, ఫిట్స్ రావడం దీని గుర్తులు. వెంటనే తేనె గానీ గ్లూకోజ్ కలిపిన నీళ్లు గానీ వేలితో చిగుళ్లకు రాయండి. స్పృహ లేని పిల్ల నోట్లో చెంచాతో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాస్త తేరుకున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, ఎందుకంటే మళ్లీ పడిపోతుంది. షుగర్ పేషెంట్ల కోసం అమ్మే తీపి వాడకండి. అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే కుక్కకు విషం.

చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంకేం గమనించాలి?

నెత్తి మీద వేలితో మెల్లగా తడమండి. పసిపిల్లలకు మాడు ఉన్నట్టే కొన్ని కుక్కపిల్లలకు, ముఖ్యంగా చివావాలకు, తల నడినెత్తిన మెత్తటి చోటు ఉంటుంది. చిన్నగా ఉంటే చాలాసార్లు ఏమీ కాదు. కానీ మాడు వెడల్పుగా ఉండి, తల గుమ్మడికాయలా ఉబ్బి, కళ్లు పక్కలకీ కిందకీ తిరిగి ఉంటే తలలో నీరు చేరి ఉండొచ్చు. అలాంటి పిల్ల మందకొడిగా ఉంటుంది, ఎంత నేర్పినా నేర్చుకోదు. దాన్ని డాక్టర్ చూడకుండా తీసుకోవద్దు.

ముక్కు రంధ్రాలు తెరుచుకుని ఉండాలి. పగ్, షిట్జూ పిల్లల్లో అవి గీతల్లా మూసుకుపోయి ఉంటే జీవితాంతం ఊపిరికి తిప్పలే. ‘గురక పెడితే ముద్దొస్తుంది’ అంటారు, అది గాలి అందక చేసే చప్పుడు. పొట్ట మాత్రమే ఉబ్బి పక్కటెముకలు తేలి ఉంటే నులిపురుగులు. మలద్వారం చుట్టూ తడి ఉంటే విరేచనాలు. ముక్కులో, కంట్లో పుసి ఉంటే ఆ ఇంట్లోని మిగతా పిల్లలనూ చూడండి. ఒక్కటి నలతగా ఉన్నా అన్నీ అనుమానమే. గుండె చప్పుడు వినాల్సింది డాక్టర్.

తర్వాత పిల్లను నేల మీద వదిలి వెనక నుంచి నడక చూడండి. పరిగెత్తుతూ పరిగెత్తుతూ తొక్కుడుబిళ్ల ఆడినట్టు ఒక వెనక కాలు ఎత్తి రెండడుగులు గెంతి, మళ్లీ మామూలుగా పోతోందా? మోకాలి చిప్ప పక్కకు జారుతోందన్నమాట. చిన్నజాతుల్లో ఇది చాలా మామూలు. డాక్టర్లు దీన్ని నాలుగు గ్రేడ్లుగా చూస్తారు. మొదటి గ్రేడ్‌లో బరువు పెరగకుండా చూసుకుంటే సరిపోవచ్చు, మూడు, నాలుగుల్లో ఆపరేషన్ దాకా వెళ్తుంది. తల్లిదండ్రుల మోకాళ్లు పరీక్ష చేయించారా అని బ్రీడర్‌ను అడగండి. ఆ ప్రశ్నకు విసుక్కునేవాళ్ల దగ్గర కొనకండి.

మా ఫ్లాట్‌లో అంతా టైల్సే. సోఫా మీద నుంచి దూకితే ఏమైనా అవుతుందా?

అవుతుంది. ముంజేతి ఎముకలు అగ్గిపుల్లంత సన్నగా ఉంటాయి, కింది భాగానికి రక్తప్రసరణ తక్కువ. విరిగితే అతకడం ఆలస్యం, ఒక్కోసారి ప్లేటు వేయాలి. చేతుల్లోంచి జారిపడి విరిగినవే ఎక్కువ. సోఫా, మంచం పక్కన ఎక్కడానికి చిన్న మెట్లు పెట్టండి. నున్నటి వెట్రిఫైడ్ టైల్స్ మీద కాళ్లు జారి మోకాళ్లు ఇంకా పాడవుతాయి, కాబట్టి తిరిగే దారిలో పాత చాపలైనా పరవండి. బాల్కనీ గ్రిల్ సందులు చూసుకోండి. పెద్దవాళ్లకు కాకపోయినా రెండు కిలోల కుక్కకు అది గుమ్మమే.

మెడకు బెల్టు వద్దు, ఛాతీకి వేసే హార్నెస్ వాడండి. పమేరియన్, యార్కీలకు గాలిగొట్టం మెత్తబడి అణిగిపోయే జబ్బు వస్తుంది. బాతు అరిచినట్టు దగ్గుతాయి. మెడ లాగితే, ఒళ్లొస్తే ఎక్కువవుతుంది.

ఇంట్లో మూడేళ్ల బాబు ఉన్నాడు. తేవచ్చా?

ఐదారేళ్లు నిండే దాకా ఆగమంటాను. పిల్లాడు చెడ్డవాడని కాదు, వాడు ప్రేమగా ఎత్తుకునే తీరే దానికి ప్రమాదం. తప్పదనుకుంటే చివావా, యార్కీలు కాకుండా, ఐదు కిలోల పైన పెరిగే గట్టి ఒంటి షిట్జూ చూడండి. బాబు నేల మీద కూర్చున్నప్పుడే ఒళ్లో పెట్టండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లున్న ఇంట్లో ఇంకో తిప్పలు ఉంది, కాళ్ల కింద తిరుగుతుంది. మెడలో చిన్న మువ్వ కడితే చప్పుడు వినపడుతుంది.

హైదరాబాద్ ఎండకు పగ్ తట్టుకుంటుందా?

2003లో హచ్ అనే మొబైల్ కంపెనీ పగ్‌తో తీసిన ప్రకటన వచ్చాక ఊరంతా పగ్‌లే. ఇప్పటికీ ‘హచ్ కుక్క’ అనేవాళ్లున్నారు. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పితేనే వేడి పోతుంది. పగ్, షిట్జూ, పెకింగీస్‌లకు మూతి నొక్కేసినట్టు ఉంటుంది కాబట్టి రొప్పినా గాలి సరిగ్గా ఆడదు. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటుతుంది, పై అంతస్తు ఫ్లాట్ అయితే రాత్రి పదింటికి కూడా గోడలు కాలుతుంటాయి. పగలంతా మీరు ఆఫీసులో ఉండి, కరెంటు పోతే చూసే మనిషి లేకపోతే పగ్‌ను తేవద్దు. ఈ మాట వినడానికి ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా చెబుతాను.

నడక ఉదయం ఆరున్నరలోపు, సాయంత్రం ఏడు దాటాక. అరచేతి వెనకభాగం రోడ్డుకు ఆనించి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే అది వాటి పాదాలకు కూడా వేడే. నాలుక ముదురు ఎరుపెక్కి, చొంగ తీగలా సాగుతూ, తూలితే వడదెబ్బ. ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడిపి, ఫ్యాను పెట్టి, ఏసీ కారులో ఆసుపత్రికి పరుగెత్తండి. ఆగి ఉన్న కారులో ఐదు నిమిషాలు కూడా వదలకండి. ఈ జాతులకు కళ్లు కూడా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. మెడ పట్టి లాగినా, ఇంకో కుక్క కరిచినా గుడ్డు బయటికి రావచ్చు. కన్ను ఎర్రబడి మూసుకుంటే రేపటికి వాయిదా వేయకండి.

పమేరియన్ బొచ్చు గురించి ఒక్క మాట. ఎండాకాలమని మిషన్‌తో గొరిగించకండి. ఆ రెండు పొరల బొచ్చు ఎండను కూడా అడ్డుకుంటుంది, గొరిగితే కొన్నింటికి మళ్లీ సరిగ్గా రాదు. దువ్వెనతో రాలిన బొచ్చు తీసేస్తే చాలు.

‘కేసీఐ పేపర్లున్నాయి, కాబట్టి ఆరోగ్యంగా ఉంటుంది’ అంటున్నారు.

కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ పిల్ల వంశం చెబుతుంది. ఆరోగ్యానికి హామీ కాదు. మైక్రోచిప్ నంబరు, టీకా కార్డు మీద అంటించిన వ్యాక్సిన్ స్టిక్కర్లు, డాక్టర్ సంతకం, స్టాంపు విడిగా చూడండి. స్టిక్కర్ లేకుండా పెన్నుతో తేదీ మాత్రమే రాసి ఉంటే టీకా వేయలేదనే అనుకుని మీ డాక్టర్‌తో మాట్లాడండి. రెండు మూడు రోజుల్లో మా డాక్టర్‌కు చూపిస్తాం, జబ్బు తేలితే వెనక్కి తీసుకోవాలి అని కాగితం మీద రాయించుకోండి.

అరుదైన రంగు అంటే ఎక్కువ అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

వద్దు. మెర్ల్ అనే మచ్చల రంగున్న రెండింటిని జతకట్టిస్తే పుట్టే పిల్లల్లో చెవుడు, గుడ్డితనం ఉండే ప్రమాదం ఎక్కువ. రంగుకు పెట్టే డబ్బు వైద్యానికి దాచుకోండి.

ఇంత చిన్న పిల్లకు టీకా పూర్తి డోసు వేయాలా?

పూర్తి డోసే. సగం వేస్తే రక్షణ రాదు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు దాటే దాకా పార్వో, డిస్టెంపర్ వగైరా ప్రాణాంతక జబ్బుల టీకా డోసులు పడాలి. రేబిస్ మూడు నెలలకు. చిన్న ఒంటి కుక్కలకు రియాక్షన్ అవకాశం కాస్త ఎక్కువ, ఒకేసారి ఎక్కువ ఇంజెక్షన్లు పడితే ఇంకా. అందుకని అన్నీ ఒకే రోజు కాకుండా విడివిడిగా వేయగలరా అని అడగండి. వేశాక అరగంట క్లినిక్‌లోనే కూర్చోండి. మొహం వాచినా, వాంతులైనా వెంటనే చూస్తారు.

డోసులు పూర్తయ్యే దాకా గల్లీలో, పార్కులో నేల మీద దింపకండి. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, కిలో పిల్లకు విరేచనాలు మొదలైతే ఒక్క రోజులో ఒళ్లు ఎండిపోతుంది. చెప్పులు గుమ్మం బయటే విడవండి. వానాకాలంలో పిడుదులు చూసుకోండి, వాటి వల్ల వచ్చే జ్వరాలు రక్తాన్ని తినేస్తాయి. పిడుదుల మందు బరువును బట్టే వేయాలి, పెద్ద కుక్క మందు సగం చేసి వేయకూడదు. మున్సిపల్ లైసెన్సుకు కూడా రేబిస్ టీకా కాగితం అడుగుతారు.

పాలు, బ్రెడ్, పెరుగన్నం పెట్టొచ్చా?

ఆ మూడింటి మీదే పెంచితే పిల్ల ఎదగదు. ఆవు పాలకు చాలా పిల్లలకు విరేచనాలవుతాయి. మొదటి పది రోజులు బ్రీడర్ ఏం పెట్టారో అదే పెట్టి, తర్వాత చిన్నజాతి కుక్కపిల్లల తిండికి మెల్లగా మార్చండి. గింజ గట్టిగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. కాల్షియం సిరప్ మంచిదని సొంతంగా పోయకండి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ ఏవీ వద్దు. మూడు కిలోల కుక్కకు మీ ప్లేటులోంచి పడిన కొంచెమే పెద్ద మోతాదు. బిర్యానీ ఎముక అస్సలు వద్దు. జ్వరమొస్తే ఇంట్లో ఉన్న పారాసెటమాల్ వేయకండి.

పళ్ల సంగతి?

పెద్ద కుక్కకైనా చిన్న కుక్కకైనా శాశ్వత పళ్లు 42. అన్నీ ఆ చిన్న దవడలో సర్దుకోవాలి. ఆరేడు నెలలకు పాలపళ్లు ఊడకుండా కొత్తవాటి పక్కనే నిలబడితే తీయించాలి. రోజూ మెత్తటి బ్రష్‌తో తోమడం పిల్లప్పుడే అలవాటు చేయండి. మనుషుల టూత్‌పేస్టు పనికిరాదు.

తినగానే నీరసపడిపోతోంది, ఎదగడం లేదు. సుస్తీ ఏమై ఉంటుంది?

తిన్న గంటా రెండు గంటలకు మత్తుగా, గోడకు తల ఆనించి నిలబడుతుంటే కాలేయం పరీక్ష చేయించండి. యార్కీ, మాల్టీస్ పిల్లల్లో కొన్నింటికి పుట్టుకతోనే రక్తం కాలేయంలోకి వెళ్లకుండా పక్కదారి పడుతుంది. బైల్ యాసిడ్ అనే రక్తపరీక్షలో అనుమానం తేలుతుంది. ఈతలో అన్నింటికంటే చిన్నదిగా మిగిలిపోయిన పిల్ల ఒక్కోసారి అందుకే చిన్నదిగా ఉంటుంది.

ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయా?

నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అయితే రాత్రి రెండింటికి ఎక్కడికి వెళ్లాలో పిల్లను తెచ్చేముందే తెలుసుకోండి. మీ ఇంటికి దగ్గర్లో రాత్రి తెరిచి ఉండే క్లినిక్ నంబరు ఫ్రిజ్ మీద రాసి అంటించండి.

కొనకుండా దత్తత తీసుకోవచ్చా?

తప్పకుండా. అక్కినేని అమల 1992లో స్థాపించిన జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్ జూబ్లీహిల్స్‌లో ఉంది, అక్కడ అడగండి. పెద్దయిన కుక్కను తీసుకుంటే బరువు, మోకాళ్లు, ఊపిరి, స్వభావం అన్నీ ముందే కళ్ల ముందు ఉంటాయి. సైజు గురించి బెంగపడేవాళ్లకు ఇంతకంటే తేలిక దారి లేదు. మా లడ్డు అలా వచ్చిందే, నాలుగేళ్ల వయసులో, ఐదున్నర కిలోలతో.

అన్నింటిలో చిన్నది నన్నే చూస్తోంది. వదిలి రాబుద్ధి కావడం లేదు. ఏం చేయమంటారు?

ఈ ప్రశ్న అడిగిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. కానీ మీరు ఎక్కువ డబ్బిచ్చి తీసుకుంటే వచ్చే ఈతలో ఇంకా చిన్నది కావాలని ఆ తల్లినే మళ్లీ కట్టిస్తారు. నెల రోజులు ఆగి వస్తానని చెప్పండి, ఆ లోపు వారం వారం బరువు పంపమనండి. పెరుగుతూ ఉంటే అప్పుడు తెచ్చుకోండి. బరువు పంపనంటే సంగతి అర్థమైనట్టే.

మా మేనకోడలు ఉండబట్టలేక అలాంటిదాన్నే తెచ్చేసింది. అదే రోజు డాక్టర్‌కు చూపించింది, రక్తపరీక్ష చేయించింది, నెల రోజులు రాత్రి రెండింటికి లేచి తిండి పెట్టింది. వంటింటి కాటా పక్కనే క్యాలెండర్ మీద రోజూ గ్రాములు రాసేది. మొదటి వారం 410, 415, 409, 420. ఆ 409 ఉన్న రోజు పొద్దున్నే నాకు ఫోన్ చేసింది, ‘అత్తా, పదకొండు గ్రాములే కదా, ఆరు కదా తగ్గింది, ఏం కాదు కదా’ అని లెక్క కూడా సరిగ్గా చేయలేక ఏడ్చింది. ఇప్పుడు దానికి ఏడు నెలలు, కిలో నాలుగు వందలు. క్యాలెండర్ అక్కడే ఉంది, ఆదివారం ఆదివారం ఇంకా రాస్తూనే ఉంది.